ఎడమచేతి కుట్లు

“నువ్వు మాట్లాడేది ఎక్కడన్నా రాసిపెట్టుకున్నావా? ఇలా ఇవ్వు, ఓసారి చూసిపెడతాను,” అన్నారు మా ఆయన.

నేనప్పుడు వంటింట్లో ఉన్నాను. పదిమందికి వండినవన్నీ గిన్నెల్లోకి సర్ది మూతలు పెడుతున్నాను. సాయంత్రం ఐదయింది. ఆరున్నరకల్లా నేను మ్యూజియంలో ఉండాలి. మా ఇంట్లో నా ఉద్యోగానికి మొదటిరోజునుంచీ ఒక షరతుంది: నేను లేకపోయినా ఇల్లు నేనున్నట్టే నడిచేలా చేసి మరీ గడప దాటాలి. ఇవాళ ఆ షరతుకి కొసరు కూడా తగిలింది. మ్యూజియంలో నా మాటలు విన్నాక ఆయన ఆఫీసువాళ్ళు ముగ్గురు, వాళ్ళ భార్యలు భోజనానికి మా ఇంటికే వస్తున్నారు. పిలిచింది ఆయన, వండింది నేను. “నీ పేరు చెప్పుకుని అందరం ఓచోట కూర్చున్నట్టుంటుంది,” అన్నారు. నా పేరు చెప్పుకుని నా నడుమే పడిపోవాలి కాబోలు.

“రాయలేదండీ, నోటికి వచ్చు,” అన్నాను.

“నోటికొచ్చినట్టు మాట్లాడితే అయిందే! పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారు. ఎక్కువ చెప్పకు. బొంత గురించేగా.”

బొంత గురించే. నేను మ్యూజియంలో పాతబట్టలు బాగుచేస్తాను. చిరిగిన పట్టు, పురుగు తిన్న ఉన్ని, మడతల్లో పిగిలిపోయిన నూలు నా బల్ల మీదికొస్తాయి. భూతద్దం దీపం కింద తల వంచుకుని, వంకీ సూదితో, వెంట్రుకకన్నా సన్నటి దారంతో కుడతాను. తొమ్మిదేళ్ళయింది. తొమ్మిదేళ్ళుగానూ టెంపరరీనే. అత్తయ్య ఫోన్లో చుట్టాలకి “ఏదోలే, ఇంట్లో తోచక వెళ్తోంది” అని చెప్తారు. ఇరవైరెండేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను, తోచకపోవడం ఎలా ఉంటుందో ఒక్క పూటయినా నాకు తెలిస్తే ఒట్టు.

ఏడాదికి ఒక్కరోజు మా మ్యూజియం మూసేశాక మళ్ళీ తెరుస్తారు. ఏడునుంచి తొమ్మిదిన్నరదాకా, పెద్దవాళ్ళకి మాత్రమే. ఆ పూట కొన్నిటికి అద్దాలు తీసేస్తారు, దగ్గరికెళ్ళి చూడొచ్చు. పిల్లలైతే చెయ్యి పెట్టకుండా ఉండరని వాళ్ళని రానివ్వరు. ఆ టిక్కెట్టు మీద ‘పెద్దలకు మాత్రమే’ అన్న ముక్క చదివి అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. “అదేం కర్మరా! ఏం చూపిస్తారు అక్కడ?” అన్నారు కొడుకుతో. మా అమ్మాయి పగలబడి నవ్వింది. నాక్కూడా నవ్వొచ్చింది గానీ లోపల దడ మాత్రం ఆగలేదు.

ఎందుకంటే ఈసారి నన్ను బొంత పక్కన నిలబడి మాట్లాడమన్నారు. మా మ్యూజియం అధికారిణిని మేమందరం పెద్దమేడమ్ అంటాం. నెలక్రితం నన్ను గదిలోకి పిలిచి తలుపేసి చెప్పింది. “ట్రస్టువాళ్ళు ఆరోజు వస్తారు. నువ్వు తెర వెనక ఉండే మనిషివి. నీ పని ఏంటో వాళ్ళ కళ్ళతో చూడాలి, చెవులతో వినాలి. వచ్చే వారమే నీ పర్మినెంటు కాయితం మీద సంతకాలు. నన్ను తలదించుకునేలా చెయ్యకు.” ఆ కాయితం కోసం ఆవిడ నాలుగుసార్లు కమిటీముందు కూర్చుంది. ఆ ఉద్యోగం నాకు కావాలి. కావాలని ఎవరిముందూ అననుగానీ, రాత్రి పక్క మీద పడుకుని, నా బల్ల, నా కుర్చీ, ఏటేటా ఎవరినీ బతిమాలుకోనక్కర్లేని నా పని అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇక ఆ బొంత సంగతి. నూటపాతికేళ్ళ కిందటిది. ఒక పెద్దింటి ఆడవాళ్ళంతా కలిసి పాతబట్టల ముక్కలు పేర్చి కుట్టింది. ఉద్యోగంలో నా మూడో ఏట అది బల్ల మీదికొచ్చింది. మూడు మూలలు ముత్యాల్లాంటి కుట్లు. నాలుగో మూల మాత్రం ఘోరంగా ఉంది. పెద్దపెద్ద కుట్లు, అన్నీ అవతలివైపుకి వాలి, మధ్యమధ్య ముడులు. అంచు నలిగిపోయి ఉంటే ఎలుక కొరికిందనుకున్నాను. ఎవరో చేతకానివాళ్ళు తర్వాతెప్పుడో అతుకు వేసి పాడుచేశారని నాకు నేనే తీర్మానించేసుకున్నాను.

మా పనిలో ఒక పద్ధతుంది. సూది తాకేముందు ఫోటో తియ్యాలి. ఏం చెయ్యబోతున్నామో రిజిస్టర్లో రాయాలి. తీసిన ప్రతి దారప్పోగూ పొట్లంలో పెట్టి నంబరు వెయ్యాలి. ఆ పద్ధతి నాకు తెలుసు. అయినా ఆ రోజు ఇవేవీ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో అప్పుడు నన్నడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు చెప్పగలను. అది మరమ్మత్తని నాకు అనిపించనే లేదు. వంకరగా ఉన్నది కనబడితే చెయ్యి దానంతటదే వెళ్ళి తిన్నగా పెట్టేస్తుందే, అలా చేశాను. జానెడు మేర కుట్లు విప్పి, నలిగిన అంచు మీద అతుకు వేసి, మిగతా మూడు మూలల్లాగే కుట్టేశాను. పాత దారాలు దులిపి చెత్తబుట్టలో పడేశాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఎంతో గొప్పగా ఆయనకి చెప్పాను కూడా.

ఆ చెయ్యి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తలో నేను దుప్పటి పరిస్తే, నేనటు తిరగ్గానే అత్తయ్య వచ్చి మళ్ళీ పరిచేవారు. నేను బోర్లించిన గ్లాసులు మళ్ళీ బోర్లించేవారు. నేను ఆరేసిన బట్టలు తీసి మళ్ళీ ఆరేసేవారు. ఒక్కనాడూ కసిరింది లేదు. “ఏం లేదమ్మా, కాస్త సరిచేస్తున్నా,” అనేవారు, అంతే. తిడితే ఎదురుచెప్పొచ్చు, సరిచేస్తున్నవాళ్ళని ఏమంటాం? ఆయన దగ్గరా అదే వరస. డాక్టరు నన్ను ఎక్కడ నొప్పని అడిగితే, “తన ఉద్దేశం ఏంటంటే డాక్టర్,” అని ఆయన మొదలుపెడతారు. నా నడుంనొప్పి గురించి నాకంటే ఆయనకే బాగా తెలుసు మరి! నా అక్కచెల్లెళ్ళకి నేను పంపే మెసేజీల్లో కూడా తప్పులు వెతుకుతారు. నేనూ అలవాటుపడ్డాను. నాతో ఎవరూ నువ్వు తప్పు అనలేదు. నేను చేసిన పని మాత్రం నేను చేసినట్టుగా ఏ పూటా మిగల్లేదు.

రెండు నెలలక్రితం ఆ పెద్దింటివాళ్ళు పాత ఉత్తరాల కట్ట ఒకటి మ్యూజియానికిచ్చారు. మ్యూజియం తెరిచే సాయంత్రం జనానికి చదివి వినిపించడానికి పనికొచ్చేవి ఏరమని పెద్దమేడమ్ నాకే అప్పజెప్పింది. పదహారో ఉత్తరం ఆ ఇంటి అత్తగారు వాళ్ళ చెల్లెలికి రాసింది. కంఠతా వచ్చేసింది నాకు. “రెండోదానికి కుడిచెయ్యి పడిపోయి ఏడాదైంది. ఊరికే కూర్చోలేక బట్ట పళ్ళతో పట్టుకుని, ఎడమచేత్తో బొంతకి ఒక మూల కుట్టింది. చూడ్డానికి అసహ్యంగా ఉంది. విప్పించి సరిగ్గా కుట్టించమంటే పెద్దకోడలు నా మాట వినలేదు. దాని మూల దానిది, ఉండనివ్వండి అంది. ఇంట్లో నా మాటకి విలువ లేకుండా పోయింది.”

మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఎలుక కాదు, ఆవిడ పళ్ళు. ఒక మనిషి ఏడాదిపాటు మూలన పడి, పళ్ళతో బట్ట బిగపట్టి, అలవాటులేని చేత్తో ఒక్కో కుట్టూ వేసుకుంది. ఇంకో కోడలు అత్తగారికి ఎదురు నిలబడి ఆ మూలని కాపాడింది. ఆ అత్తగారు తన కాలంలో చెయ్యించలేకపోయిన పని, ఇన్నేళ్ళ తర్వాత జీతం తీసుకుని నేను చేసిపెట్టాను.

ఏడ్చాను. బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. తర్వాత సిగ్గులేకుండా ఆ ఉత్తరం తీసి కట్ట అడుగున పెట్టేశాను. మా గదులకి తాళాలు వేసే ఆవిడ ఒకరుంది, అందరం తాళాలక్క అంటాం. ఆవిడొక్కదానికే చెప్పాను. “ఊరుకున్నంత ఉత్తమం లేదు తల్లీ. కాయితం చేతికొచ్చేదాకా నోరు కుట్టేసుకో. తర్వాత నీ ఇష్టం,” అంది. మంచికే చెప్పింది. నేనూ సరేనన్నాను. అప్పట్నుంచీ తిండి సయించలేదు. ఒకరోజు మా అమ్మాయి మడతపెట్టిన బట్టలు నేను మళ్ళీ విప్పి మడతపెడుతుంటే అది నా చేతులకేసి చూసి, “నేను పెట్టినవి ఎప్పుడూ బాలేవు కదమ్మా,” అంది. కోపంగా కూడా అనలేదు. ఆ పిల్ల గొంతులో కోపం ఎప్పుడు పోయిందో నేను గమనించుకోనేలేదు.

ఆరున్నరకి మ్యూజియం చేరాను. ఆయన చూసిపెట్టడానికి నా దగ్గర కాయితమేమీ లేదు కాబట్టి దారంతా నోటిసలహాలే. బొంత గదిలో దీపాలు బాగా తగ్గించారు, పాతబట్టకి వెలుతురు పడదు. వచ్చినవాళ్ళకి తలా ఒక చిన్న టార్చి ఇచ్చారు. పళ్ళరసం గ్లాసులు బయట పెట్టి రమ్మని తాళాలక్క గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెప్తోంది. ఏటవాలు చెక్క మీద బొంత పరిచి ఉంది. నా మాటలు రెండుసార్లు: ఏడున్నరకి ఒక బ్యాచ్, ఎనిమిదింబావుకి ఇంకో బ్యాచ్. మొదటి బ్యాచ్‌లో ముప్ఫైమందిదాకా వచ్చారు. ముందువరసలో ఆయన, ఆయనవాళ్ళు.

ఏ ముక్క ఏ బట్టలోంచి వచ్చిందో ఎలా పోల్చుకుంటామో చెప్పాను. పిల్లలకి పొట్టయిపోయిన గౌన్లు, వెలిసిపోయిన కర్టెన్లు, చనిపోయినవాళ్ళ చొక్కాలు. జనం వంగి చూస్తున్నారు. రెండుసార్లు ఆయన, “తన ఉద్దేశం ఏంటంటే,” అని అందుకున్నారు. నేను ఆగి, ఆయన అయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను. అలవాటే కదా.

అప్పుడు ఆయన కొలీగు భార్య నాలుగో మూల మీదికి టార్చి వేసింది. “అబ్బ, ఈ మూల చూడండి! మెషీన్ మీద కుట్టినట్టుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఎంత ఓపికండీ!”

“అది ఆ రోజులది కాదండీ, మా ఆవిడ చేతిపని,” అన్నారు ఆయన, ఛాతీ విరుచుకుని. “ఆ మూల బాలేకపోతే తనే బాగుచేసింది. మా అమ్మ దగ్గర ట్రైనింగ్ మరి!”

అందరూ నవ్వారు. మంచి నవ్వే, మెచ్చుకోలు నవ్వే. ఆయన జీవితంలో మొదటిసారి పదిమందిలో నా పనిని పొగిడారు. ఇరవైరెండేళ్ళు ఎదురుచూసిన మాట. అది వచ్చి వచ్చి ఆ మూల మీద వాలింది. నేనూ నవ్వాల్సింది. నోరు తెరిచాను, నవ్వు రాలేదు.

“బాగుచెయ్యలేదండీ. పాడుచేశాను,” అన్నాను.

అని ఊరుకోలేదు. ఉత్తరం ముక్క ముక్కా అప్పజెప్పాను. కుడిచెయ్యి పడిపోయిన కోడలు, పళ్ళు, ఎడమచెయ్యి, అడ్డుపడ్డ తోడికోడలు. ఫోటో తియ్యలేదని, రిజిస్టర్లో రాయలేదని, దారాలు చెత్తబుట్టలో వేశానని చెప్పాను. వరస కుదరలేదు, ముందుది వెనక, వెనకది ముందు చెప్పాను. మధ్యలో ముక్కు తుడుచుకున్నాను. ఈసారి ‘తన ఉద్దేశం’ అని ఎవరూ అందుకోలేదు.

“పోన్లెండి, ఇప్పుడే చూడ్డానికి బావుంది కదా,” అన్నాడు వెనకనుంచి ఒకాయన.

“మీ కుట్లు విప్పేస్తే సరిపోతుందేమో?” అన్నారు ఇంకెవరో.

“విప్పితే చిల్లులు మిగుల్తాయండీ. ఆవిడ రాదు.”

ఒక ముసలావిడ బొంత దగ్గరికొచ్చి ఆ మూలకేసి చాలాసేపు చూసింది. “ఆవిడ పేరేంటమ్మా?” అంది.

“తెలీదండీ. ఉత్తరంలో రెండోది అనే రాశారు.”

ఆవిడ తలూపి, టార్చి ఆర్పేసి వెళ్ళిపోయింది.

జనం బయటికి కదులుతుంటే పెద్దమేడమ్ నా మోచెయ్యి పట్టుకుని మెట్లపక్క వరండాలోకి తీసుకెళ్ళింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “చూడు. నువ్వు చెప్పినదానికి ఫోటో లేదు, రిజిస్టర్లో లేదు. నాకు తెలిసింది నాతోనే ఉంటుంది. ఇప్పుడు విన్నవాళ్ళు ఇంటికెళ్ళి అన్నం తినేసరికి మర్చిపోతారు. ఎనిమిదింబావు బ్యాచ్‌లో ట్రస్టు ఛైర్మన్ వస్తున్నారు. మామూలుగా, అనుకున్నట్టు చెప్పు. ఉత్తరం సంగతి సంతకాలయ్యాక నెమ్మదిగా చూద్దాం. ఈ అరగంటని నేను సరిచేస్తాను,” అంది.

ఈలోగా ఆయనొచ్చారు. “మేడమ్, తన ఉద్దేశం అది కాదు. వారంరోజులుగా నిద్రలేదు, కంగారులో ఏదో అనేసింది,” అని ఆవిడకి చెప్పి, నావైపు తిరిగి గొంతు తగ్గించారు. “ఎవరడిగారు నిన్ను? నా వాళ్ళ ముందు నా తల తీసేసినంత పనిచేశావు. తొమ్మిదేళ్ళు ఓపిక పట్టి, తీరా చేతికొచ్చే వేళకి కాలదన్నుకుంటారా ఎవరైనా? ఇప్పటికైనా మించిపోయింది లేదు. మేడమ్ చెప్పినట్టు విను.”

ఇద్దరూ నా మంచికోరే వాళ్ళే. ఆ వరండాలో నాకు శత్రువన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అదే నా ఖర్మ. ఇద్దరి మొహాల్లోనూ ఒకటే ఆత్రం, నేను వంకరగా కుట్టిన ఆ అరగంటని ఎంత తొందరగా విప్పేసి తిన్నగా కుట్టేద్దామా అని. ఏడుస్తూ, తడబడుతూ చెప్పాను, నిజమే. అందంగా చెప్పలేదు. కానీ ఊహ తెలిశాక నేనొక్కదాన్నే, ఎవరూ దిద్దకుండా, నా నోటితో చెప్పిన మాటలు అవే. నాకు భయంగానే ఉంది. ఛైర్మన్ సంతకం పెట్టకపోతే రేపట్నుంచి ఇంట్లో ఈ కథే పదేళ్ళు నడుస్తుందని తెలుసు. మా అత్తయ్య, “నేను అప్పుడే అనుకున్నా,” అంటారని తెలుసు. నా బల్ల మీద ఇంకెవరో కూర్చుంటారు.

“కాసిని మంచినీళ్ళు,” అన్నాను. తాళాలక్క గ్లాసు అందించింది.

నీళ్ళు తాగి, “ఏమండీ, మీవాళ్ళని తీసుకుని ఇంటికెళ్ళండి,” అన్నాను. “అన్నీ గిన్నెల్లో సర్దే ఉన్నాయి. వడ్డించుకు తినండి.”

“మరి నువ్వు?”

“నాకింకో బ్యాచ్ ఉంది.”

“అదే, అందులో ఏం చెప్తావని?”

నేను ఖాళీ గ్లాసు తాళాలక్కకి ఇచ్చేశాను. ఆయన పెద్దమేడమ్ వైపు చూశారు. ఆవిడ గడియారం చూసుకుంది. “నీ ఇష్టం. చెప్పడంవరకే నా పని,” అని ఆయన మెట్లు దిగారు. ఆ మాటలోని బెదిరింపు నాకు బాగా పరిచయమే. ఈసారి మాత్రం అది విని నా కాళ్ళు ఆయన వెంట పడలేదు.

గదిలోకి వెళ్ళేసరికి రెండో బ్యాచ్ నిండిపోయింది. ఛైర్మన్ ముందువరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, పెద్దాయన, మోకాళ్ళనొప్పులట. పెద్దమేడమ్ ఆయన పక్కన నిలబడి చేతులు కట్టుకుంది. ఒక్కసారి నాకేసి చూసి, కళ్ళతోనే బతిమాలింది. నాకు ఆవిడ మీద జాలేసింది. నిజంగానే వేసింది. తాళాలక్క తలుపు దగ్గరగా వేసింది.

నేను బొంత ముందుకి వచ్చి, నాలుగో మూల పక్కన నిలబడ్డాను.

“ఇక్కడ తిన్నగా కనబడుతున్న ఈ కుట్లు నావి,” అన్నాను. “వీటికి ముందు ఇక్కడ ఒకావిడ ఎడమచేత్తో కుట్టుకున్న మూల ఉండేది. దాన్ని విప్పి చెత్తబుట్టలో పడేసింది నేనే. ముందు ఆవిడ సంగతి వినండి. బొంత సంగతి తర్వాత చెప్తాను.”